సగం బస్తా ఉప్పు

మా మనుమరాలు ఎలక్ట్రీషియన్ ట్రేడ్‌లో చేరింది. మొన్న దాని పుస్తకం తీసి తిరగేశాను. ఎర్తింగ్ గురించి రెండు పేజీలు ఉన్నాయి, బొమ్మ కూడా వేశారు. గుంత, గుంతలో రేకు, రేకు చుట్టూ బొగ్గు, ఉప్పు. ఆ రెండు పేజీలు నేర్చుకోవడానికి నాకు నాలుగేళ్ళు పట్టింది. మూడేళ్ళలో అయిపోవలసిన పని. నా తప్పు వల్ల ఇంకో ఏడాది మీద పడింది. ఆ తప్పు గురించే, దానితో పాటు చదువుకునే మీకోసం రాస్తున్నాను. ఆ తరువాత ఎన్ని మోటార్లు చుట్టాను, ఎన్ని ఇళ్ళకు వైరింగ్ చేశాను అనేది రాస్తే మీకు ఒరిగేది ఏమీ లేదు.

నేను మూడో తరగతితో బడి మానేశాను. వాక్యం ఎక్కడైనా వంకర పోతే సర్దుకుని చదవండి. పని గురించి చెప్పిన చోట మాత్రం సర్దుకోవద్దు, ఉన్నది ఉన్నట్టే తీసుకోండి.

పాలు పోయడానికి పోయి

మేము కురుమలం. గొర్రెలు, మేకలు, గొంగళ్ళు. మా ఇంటాయన మందను తోలుకుని కుల్కచర్ల వైపు పోతే నెలల తరబడి ఇంటికి రాడు. నేను వికారాబాద్‌లో నాలుగిళ్ళకు మేకపాలు పోసేదాన్ని. అందులో ఒక ఇల్లు రహీమ్ ఉస్తాద్ గారిది. స్టేషన్ దారిలో ఆయనకు మోటార్లు బాగుచేసే దుకాణం ఉండేది. ఇళ్ళకు వైరింగ్ కూడా చేసేవాడు. ఆయన భార్యను నేను ఆపా అనేదాన్ని. ఆపాకు దగ్గు, అందుకని మేకపాలు.

అరవై తొమ్మిది వానాకాలంలో ఒకరోజు పాలు పోయడానికి పోతే ఆపా లోపలి గదిలో కూర్చుని చెక్క దిమ్మె మీద రాగి తీగ చుడుతోంది. కాలిన మోటారులోంచి పాత తీగ తీసేసి, కొత్త తీగను లెక్కగా చుట్టి, ఆ చుట్లను మోటారు గాళ్ళలో కూర్చాలి. దుకాణంలో ఉస్తాద్ కూర్చేవాడు. చుట్టేది ఆపా, పరదా వెనక. వికారాబాద్ చుట్టుపక్కల బావుల మీద తిరిగే మోటార్లలో సగం ఆమె చేతి మీద తిరిగినవే. ఆ సంగతి రైతులకు తెలియదు. ఇన్నేళ్ళకైనా ఒకచోట రాసిపెట్టాలి కాబట్టి రాశాను.

నేను గిన్నె పట్టుకుని నిలబడిపోయాను.

"ఏం చూస్తున్నవే మల్లమ్మా?"

"వెంట్రుక లెక్క ఉంది గదా ఆపా. తెగదా?"

"గుంజితే తెగుతది. ఇడిస్తే ఒదులైతది. పట్టి చూడు."

పట్టి చూశాను. నాకు ఊహ తెలిసినప్పటి నుంచి కదురు మీద ఉన్ని ఒడికిన వేళ్ళు. దారం ఎంత బిగువులో ఉందో చూడకుండానే వేళ్ళకు తెలుస్తుంది. అదే బిగువు ఇక్కడ. ఆపా లెక్కపెడుతూ ఉంటే నేను చుట్టాను. సాయంత్రం ఉస్తాద్ ఆ చుట్టు చేతిలోకి తీసుకుని వెలుతురుకు పెట్టి చూశాడట.

"గిది ఎవరి చెయ్యి?"

"పాల మల్లమ్మది."

"నీ చేతికన్న మంచిగుంది."

"గట్లయితే నాకు ఛుట్టీ ఇయ్యి," అన్నదట ఆపా.

మరుసటి రోజు ఉస్తాద్ నన్ను గుమ్మం దగ్గరే ఆపాడు. పొట్టి మనిషి, కళ్ళద్దాలకు దారం కట్టుకుని మెడలో వేసుకునేవాడు.

"చూడు బిడ్డా, ఇంట్ల కూసుంటె నీకు చుట్టుడొక్కటే వస్తది. దుకాణంల కూసుంటె పని మొత్తం వస్తది. నలుగురు నవ్వుతరు, గది గూడ చెప్తున్న. ఏడ కూసుంటవ్?"

దుకాణంలోనే కూర్చుంటానన్నాను. నలుగురూ నవ్వారు. మా అత్త మాత్రం నవ్వలేదు. "కరంటు ముట్టిన చేత్తోని గొర్రెపిల్లలను ముట్టకు" అని ఒకే ఒక్క షరతు పెట్టింది. పని నేర్చుకున్న ఆ నాలుగేళ్ళూ నేను ఇంటికి రాగానే మోచేతుల దాకా బూడిదతో రుద్ది కడుక్కున్న తరువాతే దొడ్లోకి పోయాను. ఆమెకు భయం, నాకు పని కావాలి. తగువు ఎందుకు?

ఒప్పందం ఇది. లైసెన్సు ఉన్న ఉస్తాద్ దగ్గర మూడేళ్ళు పని నేర్చుకుంటే ఆయన కాగితం రాసి సంతకం పెడతాడు. ఆ కాగితం ఉంటేనే వైర్‌మన్ పర్మిట్ పరీక్షకు పోనిస్తారు. పర్మిట్ ఉంటే నా పేరు మీద నేను పని పట్టవచ్చు. లేకపోతే ఎంత పని వచ్చినా ఇంకొకరి చేతి కింద మనిషినే. ఇంటాయన మందలో ఆ ఏడు రోగం వచ్చి సగం జీవాలు పోయాయి. ఆ సంతకం తప్ప నాకు ఇంకో దారి కనిపించలేదు.

మెచ్చుకోలు

ఉస్తాద్ చెప్పి నేర్పే మనిషి కాదు. అడిగి నేర్పేవాడు. "గీ వైరు ఏడికి పోతది?" అనేవాడు. తెలియదంటే, "పో, దాని ఎంబడి నడిచి రా" అనేవాడు. నిజంగానే గోడ వెంట, దూలం వెంట నడిచి రావాలి. ఫ్యూజు పింగాణీ ముక్కను ఊడదీసి తన దగ్గర పెట్టుకోకుండా ఎవరినీ ఏ వైరునూ ముట్టనిచ్చేవాడు కాదు. ఆయన జేబులో వేసుకునేవాడు, నేను కొంగున ముడి వేసుకునేదాన్ని. ఈ అలవాటు మీరు ఈరోజే మొదలుపెట్టండి. స్విచ్ ఆపి పెట్టాను, ఎవరూ వేయరులే అనుకున్నవాళ్ళను నేను చాలామందిని చూశాను. అందులో కొందరిని ఇప్పుడు చూడలేను.

నాకు ఒక గుణం ఉంది. ఏదీ పారేయలేను. జానెడు తీగ ముక్క కూడా దాచేదాన్ని. ఒలిచిన పాత టేపును సాపు చేసి మళ్ళీ చుట్టేదాన్ని. ఉస్తాద్‌కు ఇది బాగా నచ్చింది. దుకాణానికి వచ్చిన ప్రతివాడితో, "మా మల్లమ్మ ఉన్నంక చెత్తబుట్ట ఖాళీ," అనేవాడు. నా గురించి మంచిగా చెప్పిన మొదటి మనిషి ఆయన. నేను ఉబ్బిపోయాను.

రెండో ఏడు నవాబుపేట రైతు మోటారు ఒకటి చుట్టాను. తీగకూ ఇనుముకూ మధ్య గాళ్ళలో పెట్టే గట్టి కాగితం పాతదే బాగుందని మళ్ళీ అదే పెట్టాను. పది రోజులకు పొగ వచ్చింది. ఉస్తాద్ తిట్టలేదు. నాతోనే మొత్తం విప్పించి, మళ్ళీ చుట్టించి, ఆ రైతు ఇంటికి నాతోనే మోయించాడు. పాత కాగితం పెట్టకూడదని నేర్చుకున్నాను. అంతవరకే నేర్చుకున్నాను. పొదుపు చేయకూడని చోట పొదుపు చేశానని నాకు తట్టలేదు. ఒక తప్పు చేసి ఒక వస్తువు గురించి మాత్రమే నేర్చుకుంటే, అదే తప్పు ఇంకో వస్తువుతో మళ్ళీ చేస్తారు. నేను అదే చేశాను.

తాండూరు బండ

డెబ్బై ఒకటి వానాకాలంలో తాండూరులో ఒక సేటు బండలు నునుపు చేసే షెడ్డు కొత్తగా వేశాడు. ఒక మిషన్. పైన మోటారు, కింద గిరగిరా తిరిగే పాలిష్ రాయి, పొడుగాటి ఇనుప హ్యాండిల్. పనిచేసే మనిషి ఆ హ్యాండిల్ రెండు చేతులతో పట్టుకుని బండ మీద అటూ ఇటూ తిప్పాలి. పైనుంచి నీళ్ళు పడుతూనే ఉంటాయి. ఆ మనిషి పొద్దంతా వట్టి కాళ్ళతో, తడి చేతులతో, కరెంటు మిషన్ పట్టుకుని నీళ్ళలో నిలబడి ఉంటుంది. ఆ షెడ్డులో ఎర్త్ ఎంత ముఖ్యమో ఇక మీరే ఆలోచించుకోండి.

ఉస్తాద్‌కు జ్వరం. నన్ను ఒక్కదాన్నే పంపాడు. ఒంటరిగా చేసిన మొదటి పని అది. రేకు, ఎర్త్ తీగ, ఒక బస్తా బొగ్గు, ఒక బస్తా దొడ్డు ఉప్పు ఇచ్చాడు.

"మనిషి నిలబడితె మునగాలె. అంత లోతు. తడి మన్ను తగలాలె. ఉప్పు, బొగ్గు వరస మీద వరస. సమజయిందా?"

అయిందన్నాను.

తాండూరులో నేల మీద పలుగు వేస్తే మోకాలి లోతున బండ తగులుతుంది. ఊరంతా ఆ బండల మీదే బతుకుతోంది మరి. సేటు ఇచ్చిన ఇద్దరు కూలీలు పొద్దున్నుంచి తవ్వి నడుముకు తక్కువ లోతులో ఆగారు.

"ఇగ దిగదమ్మా, కింద బండున్నది. పగలగొట్టాలంటె రెండొద్దులు."

ఇంకో చోటు వెతకాలి. లేదా రెండు రోజులు పట్టనీ అనాలి. నేను, ఒక్కదాన్నే వచ్చాను, పని ఆలస్యమైతే ఆడదానికి చేతకాలేదంటారు అనుకున్నాను. రేకును నిలువుగా కాకుండా పడుకోబెట్టాను. చుట్టూ బొగ్గు వేసి, రాతి పొట్టుతో పూడ్చాను.

ఉప్పు దగ్గరికి వచ్చేసరికి నా చెయ్యి ఆగింది. మా అత్త నేల మీద ఉప్పు రాయి పడితే ఏరి, తుడిచి, మళ్ళీ జాడీలో వేసే మనిషి. బస్తాడు ఉప్పు మట్టిలో పోయడం పాపం చేస్తున్నట్టు అనిపించింది. గుంత చిన్నది కదా, సగం చాలు అనుకున్నాను. ఆ సగం కూడా గుప్పిళ్ళతో కొలిచినట్టు చల్లాను.

తరువాత టెస్ట్ బల్బు పెట్టి చూశాను. బల్బు ఒక వైరు కరెంటుకు, ఇంకో వైరు ఎర్త్‌కు. ఎర్త్ మంచిగా ఉంటే బల్బు నిండుగా వెలుగుతుంది. నిండుగా వెలిగింది. నాలుగు రోజులుగా ముసురు, నేలంతా నానిపోయి ఉంది, ఎందుకు వెలగదు? నేను వానను పరీక్షించి నా గుంతను పరీక్షించాననుకున్నాను.

సగం బస్తా ఉప్పు నెత్తిన పెట్టుకుని ప్యాసింజరు బండిలో వికారాబాద్ వచ్చాను. ఉస్తాద్ మంచం మీద లేచి కూర్చుని, "ఉప్పు గూడ మిగిల్చినవా," అని నవ్వాడు. ఆపా ఆ ఉప్పు జాడీలో పోసి మూత పెట్టింది.

సైకిల్ ట్యూబు

మరుసటి ఎండాకాలం అదే షెడ్డులో స్విచ్ కాలిపోయిందని కబురు వస్తే పోయాను. మిషన్ మీద నీలవ్వ అనే ఆమె పనిచేస్తోంది. సరిహద్దు అవతల ఊరి మనిషి, మాటలో కన్నడం కలుస్తుంది. నాకన్నా నాలుగేళ్ళు చిన్నదేమో. మొగుడు గనిలో నడుము విరిగి మంచాన ఉన్నాడు. ఆమె కూలి మీదే ఇల్లు. మిషన్ హ్యాండిల్‌కు ఈ కొస నుంచి ఆ కొస దాకా పాత సైకిల్ ట్యూబు చుట్టి, తాడుతో కట్టి ఉంది.

"ఇదెందుకు కట్టినవ్?" అన్నాను.

"జుమ్మంటదక్కా. ట్యూబు చుట్టుకుంటె తక్కువ."

"ఎన్నొద్దుల సంది?"

"శివరాత్రి అయినంక షురూ అయింది. ఎండ ముదిరినకొద్ది ఎక్కువ. మొన్న ఎత్తేసింది." నుదురు చూపించింది. కనుబొమ్మ మీద మానుతున్న గాయం.

సేటు కుర్చీలోంచి లేవకుండానే అన్నాడు. "గవన్ని యేషాలు మల్లమ్మా. పొద్దుందాక సల్లటి నీళ్ళల్ల ఉంటె చేతులు తిమ్మిరెక్కయా? జారి పడి కరెంటంటది. ఇంకో మనిషిని చూస్త అన్న, గంతే, ఆనాటి నుంచి జుమ్ములేదు గిమ్ములేదు."

నీలవ్వ తల వంచుకుని ట్యూబు ముడి బిగించుకుంది. 

నేను సంచీలోంచి బల్బు తీసి ఎర్త్‌కు పెట్టాను. బీడీ కొసలాగా ఎర్రగా కనిపించి, అంతే ఉండిపోయింది.

 ఏమైందో అప్పటికప్పుడు అర్థమైంది. తడికి మోటారు లోపలి చుట్టు కొద్దిగా చెడి, కరెంటు మిషన్ ఇనుముకు దిగుతోంది. ఎర్త్ మంచిగా ఉంటే ఆ కరెంటు భూమిలోకి పోయేది. నా గుంత ఎండి రాళ్ళకుప్ప అయింది. భూమిలోకి పోవలసింది నీలవ్వలోంచి పోతోంది.

ఫ్యూజు ఊడదీసి కొంగున ముడి వేసుకున్నాను. "మిషన్ నడపొద్దు," అన్నాను.

"ఏమైంది?" అన్నాడు సేటు.

"మోటారు తడిసింది. తీసుకపోయి చుట్టి తెస్త."

అబద్ధం కాదు. నిజమూ కాదు. మోటారు కొత్తగా చుట్టి పెడితే కరెంటు ఇనుముకు దిగదు. జుమ్ము ఆగిపోతుంది. గుంత సంగతి ఎవరికీ తెలియదు. నా మూడేళ్ళు ఇంకో రెండు నెలల్లో పూర్తవుతాయి, ఉస్తాద్ సంతకం పెడతాడు. మళ్ళీ మోటారు ఎప్పుడో చెడుతుంది, అప్పటి మాట అప్పుడు. ఈ ఆలోచన నాకు రాలేదని చెప్పను. తాండూరు నుంచి వికారాబాద్ దాకా బండిలో ఇదే ఆలోచన. మీకూ వస్తుంది. ఈ పనిలో తప్పులు మట్టి కిందా, గోడ లోపలా ఉంటాయి కాబట్టి వస్తుంది.

తొక్కు

మోటారు దించేసరికి ఉస్తాద్ భోజనానికి కూర్చున్నాడు. ఆపా నాకూ జొన్నరొట్టె పెట్టి, పక్కన మామిడికాయ తొక్కు వేసింది.

"ఈ ఏడు తొక్కు మంచిగ కుదిరింది. నువ్వు తెచ్చిన ఉప్పే," అన్నది.

రొట్టె ముక్క నోటిదాకా పోలేదు. చేతిలో పట్టుకునే చెప్పేశాను. నీలవ్వ, ట్యూబు, బీడీ కొసలాంటి బల్బు, అన్నీ.

ఉస్తాద్ తినడం ఆపాడు. "గుంత ఎంత లోతు?"

"నడుము దాక లేదు. కింద బండ తగిలింది."

"ఉప్పు?"

నేను తొక్కు వైపు చూశాను. ఆయనా చూశాడు. ఆపా నా కంచం తన వైపు లాక్కుని, తొక్కును వేలితో పక్కకు జరిపింది.

అప్పుడు ఉస్తాద్ అన్నాడు. "బస్తా ఇస్తె సగం ఎట్ల తిరిగొచ్చిందని నేను అడగాలె. అడగలే. మెచ్చుకున్న. గది నా తప్పు. గుంత నీ తప్పు. రెండు తప్పులు పోయి గా పిల్ల చేతుల పడ్డయి."

నేను కాగితం గురించి అడగలేదు. ఆయనే చెప్పాడు.

"సంతకం ఇప్పుడు పెట్ట. ఎప్పుడు పెడతనో గూడ చెప్త. మిషన్ బాగు చెయ్యి. గుంత మల్ల తవ్వు. గా పిల్ల తన చేత్తోని ట్యూబు ఊడదీసిన దినం రా. నువ్వు తీస్తె కాదు, సేటు తీస్తె కాదు. తీయమని అడిగితె గూడ కాదు."

అప్పుడు అది నాకు అన్యాయం అనిపించింది. పని బాగుందో లేదో బల్బు చెబుతుంది కదా, మధ్యలో నీలవ్వ ఎవరు అనుకున్నాను. పైకి అనలేదు.

రెండో గుంత

మోటారు నేనూ ఆపా కలిసి చుట్టాం. గుంతకు ఉస్తాద్ కూడా వచ్చాడు. షెడ్డు వెనక, బండలు కడిగిన నీళ్ళు పోయే కాలువ పక్కన మన్ను లోతుగా దిగింది. మొదటిసారి వచ్చినప్పుడు ఆ కాలువ నా కళ్ళ ముందే ఉంది. ఇద్దరు కూలీలతో పాటు నేనూ దిగి తవ్వాను. నేను నిలబడితే తల మునిగింది. రేకు నిలువుగా దింపి, చుట్టూ బొగ్గు ఒక వరస, ఉప్పు ఒక వరస. బస్తా దులిపి, అడుగున అంటిన పొడి కూడా గుంతలోనే వేశాను.

అందరి ముందూ సేటుకు చెప్పాను. "తప్పు మోటారుది ఒక్కటే కాదు. ఎర్త్ నేను సక్కగ పెట్టలే. నీలవ్వది యేషం కాదు."

"ఆడమనిషికి పనిస్తె గింతే," అన్నాడు సేటు.

"నేను మొగోన్నే గదా," అన్నాడు ఉస్తాద్. "నేను గూడ చూడలే. ఇంకోమాట సేటూ, గీ పిల్లను పనిలోంచి తీసేస్తె ఫ్యూజు నా జేబుల్నే ఉంటది."

సేటు నవ్వేశాడు, కానీ తీసేయలేదు.

బల్బు నిండుగా వెలిగింది. నీలవ్వ వచ్చి చూసింది, సరేనన్నట్టు తల ఆడించింది, పోయి ట్యూబు మళ్ళీ చుట్టుకుంది.

ఆ ఏడు వానలు సరిగా పడలేదు. నేను నెలకోసారి తాండూరు పోయి గుంతలో రెండు కడవల నీళ్ళు పోసేదాన్ని. ఎండాకాలం ఎర్త్ గుంతకు నీళ్ళు పోయాలని మీ పుస్తకంలో ఒక ముక్క ఉంది, చిన్న అక్షరాలలో. దాన్ని పెద్ద అక్షరాలలో రాసుకోండి. ప్రతిసారీ బల్బు పెట్టాను. ప్రతిసారీ వెలిగింది. ప్రతిసారీ హ్యాండిల్‌కు ట్యూబు ఉంది. నా జతలో వేరే దుకాణాలలో పని నేర్చుకున్న మొగపిల్లలు పర్మిట్లు తెచ్చుకున్నారు.

సంక్రాంతి దాటాక ఒకసారి పోతే ట్యూబు లేదు. నా కాళ్ళు నేల మీద నిలవలేదు. వచ్చి ఉస్తాద్‌కు చెప్పాను.

"ఎవరు తీసిన్రు?"

నిజం చెప్పాను. "సేటు. పాతబడ్డది, చూడ మంచిగ లేదని కోసేసిండట."

"మరి?"

మరి ఏముంది. మళ్ళీ నెలకు పోయేసరికి నీలవ్వ ఇంకో ట్యూబు తెచ్చి చుట్టుకుంది. ఈసారిది పొట్టిది, హ్యాండిల్ ఒక కొసకు చాలలేదు.

పట్టుకోవడం

తరువాత పరీక్ష పాసయ్యాను, పర్మిట్ వచ్చింది, తాండూరులోనే దుకాణం పెట్టాను. ఎనభైలలో నా దగ్గర ముగ్గురు ఆడపిల్లలు చుట్టు పని నేర్చుకున్నారు. వాళ్ళతో నేను ఒక పని చేయించేదాన్ని. ఎక్కడ మిషన్ బిగించినా, బల్బుతో చూసుకున్న తరువాత, దాన్ని నడిపే మనిషి పక్కన నిలబడి, ఆ మనిషి పట్టుకున్నట్టే పట్టుకుని ఒక పూట పని చేసి రావాలి. పిండి గిర్నీ అయితే పిండి పట్టాలి. మడిలో మోటారు అయితే నీళ్ళు కట్టాలి. టైము వృథా అని సణిగేవాళ్ళు. నేను దేనిలో అయినా పొదుపు చేస్తాను, అందులో చేయను. ఇది ఉస్తాద్ నేర్పింది కాదు. డెబ్బై మూడు ఎండాకాలంలో నీలవ్వ నేర్పింది.

ఉస్తాద్ కాగితం మీద సంతకం పెట్టిన రోజు గురించి చెప్పడానికి ఏమీ లేదు. కాగితం తీశాడు, పెట్టాడు. చెప్పవలసింది దాని ముందు రోజు గురించి.

ఆ రోజు ఎండ మండిపోతోంది. గుంతలో నీళ్ళు పోయకముందే బల్బు పెట్టాను, కావాలనే. నిండుగా వెలిగింది. నడుస్తున్న మిషన్ దగ్గరకు పోయి హ్యాండిల్ మీద ట్యూబు లేని కొసను ముట్టి చూశాను. ఏమీ లేదు. అప్పుడు నా ఓపిక అయిపోయింది.

"ఏడాదైంది నీలవ్వా. బల్బు గింత వెలుగుతున్నది. నేను ముట్టి చూపిస్తున్న. ఇంక నీకేం కావాలె?"

అడగవద్దని ఉస్తాద్ చెప్పిన మాట నోరు దాటాకగానీ గుర్తు రాలేదు.

నీలవ్వ మిషన్ ఆపింది. కోపం లేకుండా, నాకు లెక్క చెప్పినట్టు చెప్పింది.

"అక్కా, నువ్వెప్పుడొచ్చినా చెయ్యి తిప్పి, ఎనక దిక్కుతోని ముట్టుకుంటవ్. చెప్పులేసుకుని, పొడి జాగల నిలబడి. మరి నేను గట్ల ముట్టుకుంటె బండ నునుపైతదా?"

మా పనివాళ్ళ అలవాటు అది. కరెంటు ఉందో లేదో తెలియని దాన్ని అరచేత్తో పట్టుకోం, చేతి వెనక భాగంతో తాకుతాం. కరెంటు ఉంటే చెయ్యి ముడుచుకుని వెనక్కి వస్తుంది. అరచేత్తో పట్టుకుంటే వేళ్ళు బిగుసుకుని వదలవు. మంచి అలవాటే, మీరూ పాటించండి. కానీ ఏడాది పాటు నేను నీలవ్వ కళ్ళ ముందు చేసి చూపించింది ఏమిటంటే, నాకు ఈ హ్యాండిల్ మీద నమ్మకం లేదని.

చెప్పులు విడిచాను. చీర కుచ్చిళ్ళు పైకి దోపుకున్నాను. నీళ్ళలోకి దిగి, ట్యూబు లేని కొసన హ్యాండిల్‌ను రెండు అరచేతులతో పట్టుకున్నాను. నీలవ్వ స్విచ్ వేసింది.

ఒంటరిగా తిప్పడం నా వల్ల కాలేదు. మిషన్ గుంజుకుపోతుంది. నీలవ్వ వచ్చి ట్యూబు ఉన్న వైపు పట్టుకుంది. ఇద్దరం కలిసి తిప్పాం. రాతి బురద కాళ్ళ మీద, చీర మీద, ముఖం మీద. సేటు వచ్చి చూసి పోయాడు. మొదటి బండ అయింది, రెండోది అయింది. మూడో బండ దగ్గర నా చేతులు బొబ్బలెక్కాయి. ఒక్కటి మాత్రం మనసులో గట్టిగా అనుకున్నాను, ఇక అడగను. తీసినా తీయకపోయినా ఈ పూట చేసి పోతాను.

మధ్యాహ్నం అన్నాలకు మిషన్ ఆపారు. తిన్నాక నేను ముందుగా వచ్చి మళ్ళీ నా కొస పట్టుకుని నిలబడ్డాను. నీలవ్వ చేతులు కడుక్కుని వచ్చింది. హ్యాండిల్ ముందు కూర్చుని తాడు ముడి విప్పింది. ఎండకు ట్యూబు ఇనుముకు అతుక్కుపోయి ఉంది, గోటితో లేపుతూ చుట్టు తరువాత చుట్టు ఒలిచింది. కింద ఇనుము నల్లగా, కొత్తదిలా ఉంది. మిషన్ వేసి, తడి చేతులు రెండూ దాని మీద వేసి, కొంచెంసేపు అట్లాగే ఉంది. నేను ఆమె ముఖం చూస్తున్నాను.

నీలవ్వ నన్ను మోచేత్తో పక్కకు నెట్టింది.

"జరుగక్కా. నీకు తిప్పస్తలేదు. బండ మీద గీతలు పడుతున్నయి."

జరిగాను.